ముందు కోళ్లు, తర్వాత వంతెన

బిడ్డా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు, సరిగా చెప్పలేకపోయాను. మీ ఎనిమిదో తరగతి పిల్లలకు, అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన జాన్ లూయిస్ జీవితం బొమ్మల పుస్తకంతో చెప్తానన్నావు, నా కడుపు నిండింది. ఆయన తన జీవితం చెప్పుకున్న బొమ్మల పుస్తకం ‘మార్చ్’ మూడు భాగాలూ నా దగ్గరున్నాయి, పంపిస్తున్నాను. కానీ నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు.

మొదటి భాగం తెరవగానే అలబామా రాష్ట్రంలోని సెల్మా అనే ఊరి వంతెన వస్తుంది. 1965 మార్చి 7న నల్లవాళ్ల ఓటు హక్కు కోసం దాదాపు 600 మంది దాని మీదుగా నడిచి వస్తుంటే పోలీసులు లాఠీలతో మీద పడ్డారు. లూయిస్ తల పగిలింది. నేను ఆ పేజీ నుంచే మొదలుపెట్టాను. పిల్లలు కిక్కురుమనలేదు. పాఠం బాగా ఎక్కిందనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత చూస్తే, గ్రౌండ్‌లో నలుగురు వేపకొమ్మలు పట్టుకుని పోలీసులయ్యారు, ఒకణ్ని కింద పడేసి కొడుతున్నారు. వాళ్లనేమనాలి? మనిషిని పరిచయం చేయకముందే వాళ్లకు దెబ్బలు చూపించింది నేను.

అందుకని ఆ పేజీలకు క్లిప్పు పెట్టి, కోళ్ల దగ్గర మొదలుపెట్టు. లూయిస్ 1940లో అలబామాలో, ట్రాయ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులు ఇతరుల భూమి పాలుకు చేసినవాళ్లు. ఇంట్లో కోళ్లను చూసుకునే పని ఈ పిల్లవాడిది. వాటిని కూర్చోబెట్టి ప్రసంగాలు చెప్పేవాడు, ఒకటి చస్తే అంత్యక్రియలు చేసేవాడు. ఇంట్లో కోడిని కోస్తే ఆ కూర ముట్టేవాడు కాదు. మాటల మీద కాగితం ముక్క అడ్డం పెట్టి బొమ్మ ఒక్కటే చూపించు. ‘ఏం చెప్తున్నాడు వాటికి?’ అని అడిగి ఊరుకో. గంప కింద కోళ్లను కమ్మే ఇళ్ల పిల్లలు, వాళ్లే చెప్తారు. ఆ రోజుకు అంతే చాలు.

లైబ్రరీ ముచ్చట మాత్రం నువ్వే నోటితో చెప్పు. 1956లో, పదహారేళ్ల వయసులో, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో కలిసి లైబ్రరీ కార్డు కోసం పోతే ‘ఇది తెల్లవాళ్లకే’ అని తిప్పి పంపారు. అరవై ఏళ్లకు, 2016లో, ఈ పుస్తకం మూడో భాగానికి అమెరికా జాతీయ పుస్తక పురస్కారం వచ్చింది. అది అందుకుంటూ ఆ కార్డు సంగతి తలుచుకుని ఆయన కంటతడి పెట్టాడు. అది చెప్పిన వారమే పిల్లలను హనుమకొండ తీసుకురా. అక్కడి లైబ్రరీ, రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1904 నుంచి ఉంది, వాళ్లు దాని మెట్లెక్కాలి. నేనూ వస్తాను.

ఇప్పుడు వంతెన. సంచితో మొదలుపెట్టు. ఆ రోజు లూయిస్ వీపున ఒక సంచి ఉంది. అరెస్టు చేస్తారని తెలిసే పోయాడు కాబట్టి రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, బ్రష్షు, పేస్టు పెట్టుకున్నాడు. ‘జైలుకు పోవాల్సి వస్తే మీరేం పెట్టుకుంటారు?’ అని అడుగు. ఆ తర్వాత లాఠీ చూసినా, వాళ్ల కన్ను ఆ సంచి మీదే ఉంటుంది. తర్వాత ఏమైందని అడుగుతారు. అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చిందని చెప్పు.

పుస్తకంలో నల్లవాళ్లను తిట్టే ఒక మాట చాలాసార్లు వస్తుంది. ముందు నువ్వు మొత్తం చదువు. ఆ మాట పైకి చదవొద్దు, ఎందుకు చదవలేదో మాత్రం చెప్పు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చివరికి వస్తుంది. నా క్లాసులో ఒక పిల్ల లేచి, ‘టీచర్, మా ఊర్ల హోటల్ల గూడ రెండు గ్లాసులుండేనంట, మా నాయనమ్మ చెప్పింది’ అంది. దళితులకు వేరేగా, చూరులో దోపి ఉంచే గ్లాసన్నమాట. అందరూ తిరిగి ఆ పిల్లనే చూశారు. అప్పుడు ‘అది పాతకాలం’ అని దాటేయొద్దు బిడ్డా. అలాగని ఆ పిల్లను నిలబెట్టి ఇంకా అడగొద్దు, చూపులన్నీ నీ మీదికి తిప్పుకో. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు అంబేడ్కర్ తాగిన సంగతి అప్పుడు చెప్పు. నేను చెప్పాక ఆ పిల్ల కూర్చుంది, కానీ తల దించుకోలేదు.

చివర్లో ఏ4 కాగితాన్ని రెండుసార్లు మడిచి ఇవ్వు, నాలుగు గళ్లు వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నది గీయమను. బొమ్మలు ముందు, మాటలు తర్వాత. ఆ పిల్ల నాలుగు గళ్లలోనూ ఒక్క గ్లాసే గీసింది. మూడు గళ్లలో అది చూరులో దోపి ఉంది, నాలుగో దాంట్లో బల్ల మీద.

‘బొమ్మల పుస్తకాలతో పాఠమేంటి’ అని మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరన్నా అంటే ఈ ఒక్క మాట చెప్పు. అలబామాలోని మాంట్‌గోమరీలో, తమను వేరుగా కూర్చోబెట్టే బస్సులను నల్లవాళ్లు ఎక్కకుండా బహిష్కరించిన సంగతి మీద 1957లో పదహారు పేజీల కామిక్ ఒకటి వచ్చింది, ఖరీదు పది సెంట్లు. కుర్రతనంలో లూయిస్ చేతిలో పడ్డ పుస్తకం అది.

పుస్తకాలు రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను. మూడో దాని అట్ట ఊడితే టేపు అతికించాను, పిల్లలను మెల్లగా తిప్పమను.

మీ పెద్దమ్మ