పెద్ద సంస్కృతి పక్కన చిన్న సంస్కృతి ఎలా మాయమవుతుంది? మా ఇంట్లో జరిగింది చెబుతాను

ఒక సంస్కృతి ఇంకొకదాన్ని చెరిపేయాలంటే యుద్ధమో నిషేధమో ఉండాలి కదా, మన వైపు అలాంటిదేమీ జరగలేదు కదా అని మీరు అడిగారు. మాది పుత్తూరు దగ్గర ఒక పల్లె. ఎరుకల కుటుంబం. మా ఇంట్లో ఒక భాష పోయింది. దాన్ని మాట్లాడవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. అయినా ఎలా పోయిందో చెబుతాను, నాకు తెలిసిన జవాబు అదే.

మా భాషను కుర్రు అంటారు. తమిళానికి దగ్గరి చుట్టం, కానీ తమిళం కాదు. అందులో నీళ్లను ‘తన్ని’ అంటారు. మా నాన్న ఒకటో తరగతిలో దాహం వేసి అయ్యవారిని ‘తన్ని’ అని అడిగాడు. పక్కన కూర్చున్న పిల్లవాడు లేచి, ‘అయ్యవారూ, తన్నమంటున్నాడు’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది, అయ్యవారు కూడా నవ్వారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నాన్న ఆ రోజు సాయంత్రం దాకా నీళ్లు తాగలేదట. అప్పటి నుంచి అవ్వ కుర్రులో పిలిస్తే తెలుగులో పలికేవాడు. నేను పుట్టాక, ‘పిల్లతో మన మాట మాట్లాడవద్దు’ అని అవ్వకు గట్టిగా చెప్పాడు.

అవ్వ ఆ మాట తప్పలేదు. నన్ను పెంచింది ఆమే, కానీ నాతో తనకు సరిగా రాని తెలుగులోనే మాట్లాడింది. అందుకే నాకు తెలిసిన అవ్వ నెమ్మదైన మనిషి, పొడి పొడి మాటల మనిషి. పండగకు ఆమె చెల్లెలు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ పెరట్లో ఈత బరిగెలు చీలుస్తూ కుర్రులో మాట్లాడుకునేవారు. అప్పుడు అవ్వ గలగలా నవ్వేది, కోప్పడేది, ఎవరినో అనుకరించేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఆ మనిషి నాకు పరిచయం లేదు.

నాన్నను తప్పు పట్టలేను. ఆ భయం వయసు ఆయన వయసు కంటే ఎక్కువ. మాలో ఒక్కో శాఖకు చేసే పనిని బట్టే పేరు: దబ్బ ఎరుకలు, ఈత ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, ఉప్పు ఎరుకలు. ఉప్పు ఎరుకలు కోస్తా నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చేవారు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వారి ఉప్పు విధానాలు, వాటి తోడు రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. బతుకు తెరువు పోయిన సంచారులను దొంగలన్నారు. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా జాబితాకు ఎక్కించే నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదిన 1871లో మొదలైంది. దాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. తర్వాత మా వాళ్ల పేరు ఆ జాబితాకు ఎక్కింది. వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, కొందరికి స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు, అంటే నిఘా మధ్య ఉంచే కాలనీలు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. దొంగలన్న మాట మాత్రం పోలేదు. సంతలో ఇద్దరు ఎరుకలవారు కుర్రులో మాట్లాడుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు సంచులు దగ్గరకు లాక్కునేవారని అవ్వ చెప్పేది. అలాంటప్పుడు ఏ తండ్రి తన బిడ్డకు ఆ భాష నేర్పుతాడు?

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి. మా పల్లెకు దగ్గరలోనే నారాయణవనం. పద్మావతి మనోవ్యాధితో మంచం పట్టినప్పుడు శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో అక్కడికి వచ్చి, ఆమె తల్లి ధరణీదేవికి సోది చెప్పాడని మన వైపు ప్రతి పిల్లకూ తెలుసు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవంలో ఆ ఘట్టం ఆడించారు. ఎరుకలసానిగా వేరే కులం అమ్మాయి, బాగా పాడుతుందని. చంకలో పెట్టుకోవడానికి బుట్ట కావాలంటే టీచరు నన్ను తెమ్మన్నారు. అవ్వ రెండు రోజులు కూర్చుని కొత్తది అల్లింది, అంచుకు ఎర్ర రంగు బద్ద కూడా వేసింది. ఆ రాత్రి ఆమె కుర్చీల దాకా రాలేదు, ప్రహరీ గోడ పక్కన నిలబడి చూసింది. దేవుడు ఎరుకలసానిగా నడిచి వస్తుంటే జనం చేతులెత్తి మొక్కారు. ‘బుట్ట నువ్వు అల్లిందే కదా అవ్వా’ అన్నాను. ‘గట్టిగా అనవద్దు’ అంది.

మా వేషానికి మొక్కారు, మా బుట్టను వాడుకున్నారు. మా మాట ఒక్కటి కూడా ఆ వేదిక మీద వినిపించలేదు. చెరిపేయడం అంటే నాకు అర్థమైంది ఇదే. నేను ఆ దేవుడికి దూరమైనదాన్ని కాను. ఏడుకొండలవాడు మా ఇలవేలుపు. తెలుగు నా భాష, నా బిడ్డకు జోల పాడింది ఈ భాషలోనే. నేను ఇంతగా ప్రేమించే భాషే మా అవ్వ నోరు మూయించింది. అందుకే ఈ జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. అయినా నాన్న బడి రికార్డులో మాతృభాష దగ్గర ‘తెలుగు’ అనే ఉంది. నా రికార్డులోనూ అంతే.

అవ్వ పోయింది. ఆమె చెల్లెలు, మా చిన్నవ్వ, రేణిగుంటలో ఉంటుంది. మొన్న సంక్రాంతికి వెళ్లి ఫోనులో ఆమె మాటలు రికార్డు చేశాను. బుట్ట అడుగు ఎలా మొదలుపెట్టాలో కుర్రులో చెబుతూ వచ్చింది, నాకు సగమే అర్థమైంది. ఇంతలో పక్కింటావిడ పెరుగు తోడు కోసం వచ్చింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే చిన్నవ్వ వాక్యం మధ్యలోనే తెలుగులోకి మారిపోయింది. ఆవిడ వెళ్లిపోయాక కూడా వెనక్కి రాలేదు. ఆ రికార్డింగు పదకొండు నిమిషాలు. అందులో కుర్రు నాలుగు నిమిషాలు ఉంది. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను, ఈసారి తలుపు వేసుకుని కూర్చుంటాం.