తలుపు తియ్యకు

చిరంజీవికి,

నీ నాటకం చదివాను. పనిమనిషి పాత్ర బాగుంది. మిగతాది చదువుతుంటే ఒళ్లు మండింది.

మొదటి రంగంలోనే మొగుడూ పెళ్లాల గొడవంతా మాకు చూపించేశావు. ఆయన దిండు విసరడం, ఆవిడ సూట్‌కేసు సర్దుకోవడం, అన్నీ. రెండో రంగంలో చానెల్ వాళ్లు అదే గొడవ కోసం కిటికీలోంచి మైకు దూరిస్తే నవ్వమంటావు. ఎలా నవ్వుతాం? వాళ్లకన్నా ముందే మమ్మల్ని పడకగదిలోకి తోలింది నువ్వే కదా! ఆ తలుపు మూసెయ్. సెట్ మీద మూసిన తలుపే కనబడాలి. లోపల ఏదో భళ్లున పగులుతుంది. కాసేపటికి పనిమనిషి చేటలో గాజుపెంకులు ఎత్తుకొస్తుంది, పెదవి విప్పదు. విలేకరికున్న దురద అప్పుడు మూడో వరసలో కూర్చున్న పెద్దమనిషికీ పుడుతుంది. తెర పడేదాకా గోకనివ్వకు.

యాంకర్ అరుపులు కొట్టెయ్. 2018లో శ్రీదేవి దుబాయ్‌లో స్నానాల తొట్టిలో మునిగి పోయినప్పుడు మన తెలుగు విలేకరి ఒకాయన స్నానాల తొట్టిలోకి దిగి మరీ టీవీలో వార్త చెప్పాడు. దాన్ని మించి నువ్వేం రాస్తావు? విలేకరికి ఇంటినుంచి ఫోన్ రానీ. "ఎక్కడున్నారు?" అని పెళ్లాం అడిగితే నసుగుతూ మూలకి పోతాడే, అది రాయి.

ఇక ఆ లాయరు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో తేల్చింది, సంతోషం. అది ఒకటిన్నర పేజీ వాయిస్తే జనం టీకి లేస్తారు. "సందేశమేదీ?" అని అడిగే, నాటక పోటీలు పెట్టే పరిషత్తుల న్యాయనిర్ణేతలు అంటించిన జబ్బు ఇది. నేనూ ఓ హీరోయిన్ మీద రాసిన నాటికలో తలుపు మూసే ఉంచాను. "లోపలేం జరిగిందో రచయితకే తెలీదు" అని వాళ్లలో ఒకాయన మైకులోనే అన్నాడు. బహుమతి సంగతి వేరే చెప్పాలా?

అదే నాటిక వారపత్రికకి ఇస్తే సంపాదకుడు చదివి, తెగ మెచ్చుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "అచ్చేస్తాను గానీ, ఆ హీరోయిన్ ఎవరండీ?" కల్పితమండీ అన్నాను. నమ్మలేదు. అచ్చూ వెయ్యలేదు, స్క్రిప్టూ తిరిగి రాలేదు. ఇప్పటి వెబ్ పత్రికల వాళ్లు ఆయన ఆ నాటిక చదివినంత సేపు కూడా ఏదీ చదవరనుకో.

ఇంగ్లీషు పేరు పెట్టనా, ఏ పరిషత్తుకి పంపను అని అడిగావు. ముందు మొదటి రంగం తిరగరాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింట్ తియ్యి, ఫోన్‌లో చదవలేను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు