పిల్లల వయసు చూసి డేట్ మార్చండి

పాపకి 14, బాబుకి ఫిబ్రవరిలో 12 నిండుతాయి, డిసెంబర్‌లో టెక్సస్ గాల్వెస్టన్ నుంచి వెళ్ళే కార్నివాల్ జూబిలీ క్రూజ్ షిప్ బుక్ చేయాలా అని అడిగారు కదండీ. నేనైతే మార్చి స్ప్రింగ్ బ్రేక్‌కి మార్చుకోమంటాను. ఎందుకంటే కార్నివాల్‌లో పిల్లల క్లబ్బులు వయసుని బట్టి ఉంటాయి: 12-14 వాళ్ళకి సర్కిల్ సి, 15-17 వాళ్ళకి క్లబ్ ఓ2, 11 వరకు క్యాంప్ ఓషన్, అంటే డిసెంబర్‌లో వెళ్తే బాబు చిన్నపిల్లల్లో పడతాడు, అదే మార్చిలో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే చోట ఉంటారు.

డిసెంబరే కుదురుతుందంటే డిస్నీ క్రూజ్ చూడండి, వాళ్ళ ఎడ్జ్ క్లబ్ 11-14 వాళ్ళది. టికెట్ మాత్రం బాగా ఎక్కువ.

జూబిలీలో పైడెక్ మీద బోల్ట్ అనే రోలర్ కోస్టర్ ఉంది, దానికి విడిగా డబ్బు కట్టాలి.

ఇంకోటి, మొదటి రాత్రి క్లబ్‌లో పరిచయాలు ఉంటాయి, ఎలాగైనా పంపండి. మా అమ్మాయి ఆ రోజు నిద్రొస్తోందని రూమ్‌లోనే ఉండిపోయింది, మర్నాడు వెళ్ళేసరికి అందరూ జట్లు కట్టేసి ఎయిర్ హాకీ ఆడుతున్నారు, తను తలుపు దగ్గరే కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. మీరు హెచ్1బీలో ఉంటే పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకున్నాకే డబ్బు కట్టండి, తిరిగి అమెరికాలోకి రావాలి కదా.