లౌకికమూ, లోకజ్ఞుడూ, ఒక శిలాఫలకమూ

సందేహం: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. సర్కారు బడి కొత్త గదులకి శంకుస్థాపన చేశారు. పురోహితుడు మంత్రాలు చదివాడు, ఎమ్మెల్యే గారు కొబ్బరికాయ కొట్టారు. "లౌకిక రాజ్యంలో ఇదేమిటండీ?" అని ఒక మాస్టారు అంటే, "లౌకికం కాదు, మతాతీతం అనాలి" అని ఇంకో మాస్టారు సరిదిద్దారు. హిందీలో ధర్మనిరపేక్షం అంటారట. ఏది రైటు? లౌకికానికీ లౌక్యానికీ చుట్టరికం ఉందా?

సమాధానం: కొబ్బరికాయ దగ్గర మొదలైన గొడవ మాట దగ్గరికి వచ్చి ఆగిందంటే కోనసీమ మాస్టార్లు ఇంకా బాగానే ఉన్నారన్నమాట. సంతోషం.

ముందు ధర్మనిరపేక్షాన్ని పక్కన పెట్టేద్దాం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలోకి సెక్యులర్ అన్న మాట వచ్చినప్పుడు హిందీ ప్రతిలో కూడా పంథనిరపేక్ష అనే వేశారు గానీ ధర్మనిరపేక్ష అని వెయ్యలేదు. మన తెలుగు పీఠికలో లౌకిక అని ఉంది. తెలుగులో ధర్మం అంటే మతం ఒక్కటేనా? ధర్మాసుపత్రి, ధర్మసత్రం, ధర్మాసనం, "ధర్మం చెయ్యండి బాబూ"... ఇవేవీ పట్టని ప్రభుత్వం మీకు కావాలేమో, నాకొద్దు.

మతాతీతంలో అతీతం అంటే దాటిపోయినది. గుణాతీతుడు అన్నామంటే ఆ మనిషి ఎంతో సాధన చేసి ఉండాలి. దేవాదాయ ధర్మాదాయ శాఖ పెట్టుకుని, గుడి మాన్యాలకి కౌలు వేలంపాటలు వేయించి, హుండీ లెక్కలు చూసుకునే ప్రభుత్వం ఏ తపస్సు చేసి మతాన్ని దాటిపోయిందో నాకైతే అంతు పట్టదు.

ఇక లౌకికం. లోకానికి సంబంధించినది. లోక శబ్దం వెనక ఉన్న ధాతువుకి చూడడం అని అర్థం. అవలోకనం, విలోకనం, ఆలోకనం అన్నీ అక్కణ్ణించి వచ్చినవే. కంటికి ఆనేదంతా లోకం. పాతవాళ్ళ వాడుకలో దీనికి ఎదురు నిలబడే మాట మతం కాదు, వైదికం. పతంజలి తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యం మొదలుపెడుతూనే, ఏ శబ్దాల గురించి ఈ శాస్త్రం అని ప్రశ్న వేసుకుని, లౌకికాలూ వైదికాలూ అని జవాబు చెప్పుకుంటాడు. లౌకికానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలు చూడండి: ఆవు, గుర్రం, పురుషుడు, ఏనుగు, పక్షి, మృగం, ఆఖర్న బ్రాహ్మణుడు. బ్రాహ్మణుణ్ణి కూడా ఏనుగు ఉన్న ఖాతాలోనే జమకట్టాడు! రాజ్యాంగం 25వ అధికరణంలో, మతాచారంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక వ్యవహారాలని ప్రభుత్వం అదుపు చెయ్యొచ్చని 1950 నుంచీ ఉంది. అంటే గుళ్ళో అర్చన ఒక వైపు, అదే గుడి మాన్యం కౌలు ఇంకో వైపు. పతంజలికి ఈ విభజన చెబితే ఆశ్చర్యపోయేవాడు కాదు.

ఇక్కడి దాకా వచ్చి నన్నయని పలకరించకుండా పోతే రాజమహేంద్రవరం ఒప్పుకోదు. భారతం అవతారికలో తనని తాను వర్ణించుకున్న సీసపద్యం ఒకటుంది. "అవిరళ జపహోమ తత్పరు" అంటాడు, సంహితాభ్యాసు అంటాడు, ఆపస్తంబసూత్రు అంటాడు, ఇక వైదికం తప్ప ఇంకేం లేదనుకునేసరికి "లోకజ్ఞు" అంటాడు. ఆ వెంటనే "ఉభయభాషాకావ్యరచనాభిశోభితు". హోమం చేసే మనిషికీ లోకం తెలిసిన మనిషికీ పేచీ లేదు, ఇద్దరూ ఒక్కడే. పద్యం నడుమ ఆ చిన్న మాటని పెట్టిన చోటు చూసి నేను ఎప్పుడూ ముచ్చటపడతాను.

ఆ అవతారికలోనే రాజరాజనరేంద్రుడి మాట: "ఇవి యేనున్ సతతంబు నాయెడఁ గరం బిష్టంబులై యుండు". ఇక్కడ ఏను అంటే నేను కాదు, ఐదు. పిల్లలు తప్పు రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. బ్రాహ్మణులని తృప్తిపరచడం, భారతం వినడం, పార్వతీపతి పాదపూజ, ఎడతెగని దానం, సజ్జనుల సాంగత్యం: ఈ ఐదూ తనకి ఇష్టమట. "నాయెడ" అన్నాడు, గమనించారా? రాజుకి ఇష్టాలుండొచ్చు. ఆయన బొక్కసమూ రాజ్యం బొక్కసమూ ఒకటే కాబట్టి ఆ ఇష్టంలోంచే మన మొదటి కావ్యం పుట్టింది, దాన్ని కాదనే మొహం నాకు లేదు. ఇప్పటి ప్రభుత్వానికి ఆ "నాయెడ" లేదు. ఎమ్మెల్యే గారికి ఉంది, వారింట్లో. ప్రభుత్వం సొమ్ముతోనే నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం; కాయ కొట్టడం బోధ కిందికి వస్తుందా అన్నది వకీళ్ళ పని.

అమెరికా సంగతి రాసేటప్పుడు మన పేపర్లవాళ్ళు "చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ" అని దించేస్తారు. 1802లో జెఫర్సన్ ఒక బాప్టిస్టు సంఘానికి రాసిన ఉత్తరంలోది ఆ గోడ. మన కోనసీమలో అది చదివినవాడు ప్రార్థనమందిరం ప్రహరీ గురించి తగువనుకుంటాడు. మతసంస్థలకీ ప్రభుత్వానికీ అని రాస్తే ఇంకు ఎక్కువ ఖర్చవుతుందా? ఎండార్స్‌మెంట్ అని వాళ్ళనేదానికి మనకి వత్తాసు అనే చక్కని మాట ఉంది. ప్రభుత్వం ఒక మతానికి వత్తాసు పలికితే మిగతావాళ్ళకి మీరు బయటివాళ్ళని చెప్పినట్టవుతుందని 1984లో అక్కడి సుప్రీం కోర్టు జడ్జి శాండ్రా డే ఓకానర్ రాశారు.

కాబట్టి లౌకిక రాజ్యం అని రాయండి. మతాతీతం తప్పని కొట్టెయ్యను, చాలామంది పెద్దలు వాడారు, కాకపోతే నా కలం నుంచి రాదు. లౌక్యం కూడా లోకం సంతానమే. మన గోదావరి వైపు అది మెచ్చుకోలో తిట్టో గొంతుని బట్టి తెలుసుకోవాలి.

అన్నట్టు, శంకువు అంటే మేకు. నేలలో పాతి నీడని బట్టి దిక్కులు తేల్చేవారు, పక్కా లౌకికమైన పని. బడి గోడకి పెట్టే రాతి పలక మీద మాత్రం "శంఖుస్థాపన" అని చెక్కకుండా చూడమనండి. శంఖానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.