ఆవకాయకి రెండో వారానికే బూజు: చూపు లేకుండా నూనె మట్టం చూడడం ఎలా?

మీ ఆవకాయకి రెండో వారానికే బూజు పట్టిందని, చూపు లేకుండా నూనె మట్టం ఎలా చూడాలని అడిగారు. ఇలా బూజు పట్టేది చాలావరకు నూనె చాలకే. మీరు రాసిన ఉప్పు, కారం కొలతలు బాగానే ఉన్నాయి. కలిపిన రోజు ముక్కలు మునిగాయి అన్నారు కదా, మూడో రోజుకి ఆ నూనెని ఆవపిండి పీల్చేస్తుంది. పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది.

1. ఈసారి ముక్కల్ని తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టండి. పొడి వేళ్లకి చెమ్మ తగలకూడదు.

2. మూడో రోజు అడుగు నుంచి తిరగకలిపి, గరిటెతో ముక్కల్ని కిందికి నొక్కండి.

3. అందరూ వదిలేసేది ఇదే. పొడి స్టీలు చెంచా కాడని ముక్క తగిలేదాకా నిటారుగా దించండి. తీసి వేలితో తడమండి. జిడ్డు ఒక వేలి కణుపంత ఎత్తు ఉండాలి. తక్కువైతే నువ్వుల నూనె పోసి, మర్నాడు మళ్లీ ఇలాగే చూడండి. మళ్లీ తగ్గితే మళ్లీ పోయాలి, పిసినారితనం వద్దు! (ఆ వేలు కంటికి తగలనివ్వకండి.)

4. రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకోండి. పెద్ద జాడీ మాటిమాటికీ తెరవద్దు.

బూజు పట్టినది మాత్రం పైపైన తీసేసి తినకండి. ఎంత లోపలికి పాకిందో చేతికి తెలియదు, కంటికీ తెలియదు. మొత్తం పారేసి, జాడీని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి.