ఒకే రాత్రిలో అన్ని పోర్టులూ వద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆసుపత్రి స్విచ్‌లన్నిటిపైనా శనివారం రాత్రి డాట్ వన్ ఎక్స్ (తగిలించిన పరికరం ఎవరిదో తేల్చుకున్నాకే నెట్‌వర్క్‌లోకి పోనిచ్చే కాపలా పద్ధతి) ఆన్ చేస్తున్నారనీ, ఆ పని నీకే అప్పగించారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నిన్ను నమ్మి ఇచ్చారంటే గర్వంగా ఉంది కానీ, "ఒకే రాత్రిలో అంతా" అన్నావట, ఆ మాటకు మాత్రం కోపం వచ్చింది.

కేబుల్, వీలాన్ (స్విచ్‌లో విడదీసి పెట్టే నెట్‌వర్క్ భాగం), అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చే రేడియస్ సర్వర్‌కు పింగ్, సర్టిఫికెట్ గడువు, గడియారాలు చూసుకోవాలని నీకు వేరే చెప్పనక్కరలేదు. ఏదైనా పోర్టు మొరాయిస్తే, కంప్యూటర్, స్విచ్, సర్వర్‌ల మధ్య మాట ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకో. సర్వర్ లాగ్‌లో తిరస్కరణ కనిపిస్తే కారణం కూడా అక్కడే ఉంటుంది. అసలు ఏమీ కనిపించకపోతే స్విచ్ అభ్యర్థన సర్వర్‌లోని 1812 నంబరు పోర్టుకు చేరడం లేదేమో చూడు. చేరుతున్నా, స్విచ్ ఏ చిరునామాతో పంపుతోందో అది సర్వర్‌లో నమోదై లేకపోతే సర్వర్ జవాబివ్వకుండా దాన్ని పారేస్తుంది. విండోస్ కంప్యూటర్ నోరే విప్పకపోతే, అందులో కేబుల్ మీద డాట్ వన్ ఎక్స్ మాట్లాడే వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీసు నడుస్తోందా అని చూడు. దానంతట అది మొదలయ్యే సర్వీసు కాదది.

చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నా సహోద్యోగి చేసిన పొరపాటు నీకు తెలియాలి. డాట్ వన్ ఎక్స్ పెట్టగానే శాంపిళ్ల మీద అంటించే లేబుళ్ల ప్రింటర్లు ఆగిపోయాయి. స్విచ్‌లో చూస్తే పోర్టుకు అనుమతి వచ్చినట్టే ఉంది, ప్రింటర్‌లో చూస్తే చిరునామా 169.254తో మొదలవుతోంది. ఆయన కేబుళ్లు మార్చాడు, ప్రింటర్లు ఆపి మళ్లీ వేశాడు, చివరికి స్విచ్‌నే మార్చాడు. తెల్లవారేసరికి ల్యాబ్ వాళ్లు శాంపిళ్ల మీద పెన్నుతో పేర్లు రాసుకుంటున్నారు. జరిగింది ఇది: ప్రింటర్‌కు డాట్ వన్ ఎక్స్ భాష రాదు, స్విచ్ మాత్రం 30 సెకన్లు ఎదురుచూసి, మరో రెండుసార్లు అడిగి, 90 సెకన్ల తర్వాతే మ్యాక్ చిరునామా (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూసి పోనిచ్చే మ్యాబ్ పద్ధతికి వెళుతుంది. సిస్కో స్విచ్‌లలో మనం ఏమీ మార్చకపోతే లెక్క ఇదే. ఈలోగా ప్రింటర్ నెట్‌వర్క్ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని అడిగి అడిగి విసిగి, తనకు తానే ఆ 169.254 చిరునామా పెట్టుకుంది. కేబుల్ పీకి పెట్టిన ప్రతిసారీ ఆ 90 సెకన్లు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వచ్చాయి. ఆయన స్థితి చూశాడు గానీ సమయం చూడలేదు. టీఎక్స్ పీరియడ్‌ను, అంటే అడిగిన ప్రతిసారీ స్విచ్ ఎదురుచూసే సమయాన్ని, 10 సెకన్లకు తగ్గిస్తే 30 సెకన్లలో తెమిలిపోయేది. దానికి బదులు పోర్టులన్నిటినీ ఫోర్స్ ఆథరైజ్డ్‌లో పెట్టి ఇంటికి వెళ్లాడు, ఆ తర్వాత వాటిని ఎవరూ వెనక్కి మార్చలేదు. అంటే ఆ ల్యాబ్‌లో ఎవరు వచ్చి ఏం తగిలించినా నెట్‌వర్క్ లోపలికే.

మ్యాబ్ అంటే గట్టి కాపలా అనుకోకు తల్లీ, మ్యాక్ చిరునామా పరికరం వెనక స్టిక్కర్ మీదే ఉంటుంది. అలా వచ్చిన వాటిని ప్రత్యేక వీలాన్‌లో పెట్టి, అవసరమైన సర్వర్లకు మాత్రమే దారి ఇవ్వు.

నా అసలు భయం ఐసీయూ గురించి. అక్కడి పోర్టులను ఇప్పుడు ముట్టుకోవద్దు. ముందు కొన్ని వారాలు ఆథెంటికేషన్ ఓపెన్ పెట్టి, ఎవరినీ ఆపకుండా, ఆపవలసి వస్తే ఏవేవి ఆగేవో లాగ్‌లో చూసుకో. సర్వర్ పడిపోయినప్పుడు పరికరాలు చేరడానికి క్రిటికల్ వీలాన్ సిద్ధం చేసి, సర్వర్‌ను నిజంగానే ఆపి పరీక్షించు. స్విచ్‌లో నీ లాగిన్ కూడా రేడియస్ మీదే ఆధారపడితే బయటే నిలబడతావు. స్విచ్‌లోనే ఉండే లోకల్ యూజర్ ఒకటి ఉంచుకుని, స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ నీ సంచిలోనే పెట్టుకో.

శనివారానికి ఆఫీసు గదుల అంతస్తు ఒక్కటే చాలు. ఆ పోర్టుల జాబితా శుక్రవారంలోగా నాకు పంపు, టేబుళ్ల కింద చిన్న స్విచ్‌లు ఎక్కడెక్కడ దాచారో కూడా రాయి. వాటిలో చాలావాటి గుండా డాట్ వన్ ఎక్స్ మాటలు దాటవు. ఒక్కదానివే వెళ్లకు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

మామయ్య