ఇంటికి వచ్చే థెరపిస్ట్‌ని అమ్మగారు వద్దంటుంటే

మీ అమ్మగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డాక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఇంటికి వస్తామన్నారని, ఆవిడేమో "నాకేం పరీక్షలొద్దు" అంటున్నారని రాశారు. ఇది పాస్, ఫెయిల్ చూసే పరీక్ష కాదండీ. మంచం దిగడం, స్నానం, టాయిలెట్ మీంచి లేవడం లాంటి రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో చూస్తారు. ఎక్కడ తడబడితే అక్కడికి తగ్గ మార్పు చెబుతారు: గోడకి పట్టుకునే కడ్డీ, స్నానానికి కుర్చీ, ఎత్తు పెంచే టాయిలెట్ సీటు.

వాళ్లొస్తున్నారని ఇల్లంతా సర్దేయకండి, ఇల్లు రోజూ ఎలా ఉంటుందో అలాగే వాళ్లు చూడాలి. కాలికి అడ్డం పడేవి మాత్రం ఇప్పుడే తీసేసి, ఎక్కడ ఉండేవో చెప్పండి. రాత్రి టాయిలెట్‌కి వెళ్లే దారి తప్పక చూపించండి. జవాబులు అమ్మగారినే చెప్పనివ్వండి, ఆవిడ మొహమాటం తగ్గేది అక్కడే. టవల్ కడ్డీ పట్టుకుని లేస్తుంటే ఈరోజే మాన్పించండి, అది మనిషి బరువు ఆపదు.